కూరకి పనికిరాని చేపలకి ఒక బల్ల

మొన్న రాజమండ్రిలో మా మేనల్లుడు కొత్త ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. ఫ్లాటు గురించి చెప్పడానికేమీ లేదు. ఈ మధ్య కట్టేవన్నీ ఒక్క అచ్చులోంచి తీసినట్టే ఉంటున్నాయి. తలుపు మీద నెంబరు చూసుకోకపోతే పక్కవాళ్ళింట్లో భోంచేసి వచ్చేయొచ్చు. హాల్లో టీవీ పక్కన చేపల తొట్టి పెట్టాడు. దాని కింద బల్ల చూడ్డానికి టేకులా ఉంది. వంగి చూస్తే టేకు కాదు, టేకు బొమ్మ అచ్చువేసిన కాగితం. తొట్టిలో నీళ్ళు పోసినప్పుడు తడి తగిలినట్టుంది, ఒక కాలి దగ్గర ఆ కాగితం లేచిపోయి, లోపలి పొట్టు నానిన అటుకుల్లా ఉబ్బింది. పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్ళు ఇలాంటివి చూడకుండానే అన్నారు, చూసి ఉంటే ఇంకేమనేవారో. ఎలా ఉంది మావయ్యా అని మావాడు అడిగాడు. నేను నోరు విప్పేలోపే చుట్టూ ఉన్నవాళ్ళు సూపర్ అన్నారు. తొట్టి సూపర్, బల్ల సూపర్, బాల్కనీలోంచి కనిపించే ఎదుటివాళ్ళ బట్టల దండెం కూడా సూపర్. కాలు కుళ్ళిపోతోందిరా అబ్బాయ్ అని చెప్పబోయి, శుభమా అని ఇంట్లో చేరుతుంటే అపశకునం ఎందుకని నోరు మూసుకుని పులిహోర తిన్నాను. అది కూడా సూపరేనట.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా మా నాయనమ్మే గుర్తొచ్చింది. మా నాన్న తల్లి. ఆవిడకి ఈ లోకంలో నచ్చినది ఏదీ లేదు. నిడదవోలుకి దగ్గర్లో కాలవ గట్టున ఊరు మాది. పెంకుటిల్లు, నాపరాళ్ళ గచ్చు, వెనక వసారా, దాని వెనక పెరడు, పశువుల పాక. తెల్లారగానే ఆవిడ వసారాలో కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. అక్కణ్ణుంచి ఇల్లంతా, వీధి సగం ఆవిడ కంటికి ఆనేవి. పెరట్లో పొయ్యి మీద ఎడ్లకి ఉలవలు ఉడుకుతూ ఉండేవి. ఆ వాసన, ఆవిడ తలకి రాసుకున్న ఆముదం వాసన కలిసి వస్తే మా ఇంట్లో తెల్లారినట్టు లెక్క. వంకాయలు తరుగుతూ తీర్పులు చెప్పేది. పాలవాడు పోసేది కాలవ నీళ్ళు, పంతులుగారు చదివేవి నిద్రలో పలవరింతలు, మా నాన్న చేసే వ్యవసాయం పక్క చేలవాళ్ళు నవ్వుకోవడానికి, మా అమ్మ పెట్టే పులుసు చెయ్యి కడుక్కున్న నీళ్ళు. నేను బి.ఏ. పాసయ్యానని మిఠాయి పట్టుకెళ్తే, ఇన్నేళ్ళూ చదివించి మేకు కొట్టడం కూడా నేర్పలేదా అని అడిగింది. అంతకు ముందురోజు క్యాలెండరు తగిలించమంటే గోడకి సున్నం పెళ్ళ ఊడగొట్టాను, అదీ సంగతి. ఆవిడ ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు. కూర బాగుంటే మాట్లాడకుండా తినేది. అంతకు మించిన సన్మానం మా ఇంట్లో ఎవరికీ జరగలేదు. విని విని మాకూ అలవాటైపోయింది. ఆవిడ ఏదో ఒకటి అనేదాకా ఏ పనీ పూర్తయినట్టు ఉండేది కాదు.

అలాంటి మనిషి ఒక శుక్రవారం, కడిగిన గచ్చు ఆరకముందే నడిచి, కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. రాజమండ్రి తీసుకెళ్తే, గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ చెయ్యలేం, మంచం మీద కదలకుండా ఉంచి బాగా తినిపించండి, అదే మందు అన్నారు డాక్టరుగారు. నడిమి గదిలో నవారు మంచం వేసి పడుకోబెట్టాం. విరిగిన వైపు బరువు పడకూడదు కాబట్టి ఎప్పుడూ ఒక పక్కకే తిరిగి ఉండాలి, ఆ పక్కన గోడ. మంచం తల ఇటు మారిస్తే గుమ్మం కనిపిస్తుంది కదా అని అమ్మ అడిగింది. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తర్వాత మాట కట్టేసింది, తిండి మానేసింది. అమ్మ జావ గిన్నె పట్టుకుని కూర్చుని, ఒక్క చెంచా అత్తయ్యగారూ, ఒక్కటంటే ఒక్కటి అని బతిమాలుతూ ఉంటే, ఎంతసేపటికో విసుగొచ్చి ఒక చెంచా మింగి పెదాలు బిగించుకునేది. మనిషి రోజురోజుకీ నవారులోకి కుంగిపోతోంది. ఇలా అయితే ఎంతో కాలం ఉండదని మా ఊరి వైద్యుడు నాన్నని పక్కకి పిలిచి చెప్పాడు. చెప్పక్కర్లేదు, మా కళ్ళకే కనిపిస్తోంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు గుమ్మంలో నిలబడి, ఆవిడకి వినపడేలా, ఎలాంటి మనిషి ఎలా అయిపోయిందో అని బుగ్గలు నొక్కుకునేవారు. బతికున్న మనిషి ముందు సంతాపసభ పెట్టే ఆ జాతిని నేను ఇప్పటికీ క్షమించలేదు. పెట్టిన కాఫీ మాత్రం చుక్క మిగల్చకుండా తాగి వెళ్ళేవారు. నాకు భయం వేసింది. పాలు పల్చగా ఉన్నాయని ఎవరూ అనని ఇంట్లో నిద్ర లేవడం నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే మా బాబాయి చేపల తొట్టి తెచ్చాడు. బాబాయి అంటే మా నాన్న తమ్ముడు, మాతోనే ఉండేవాడు. తన వాటా వరి పొలం తవ్వించి రొయ్యల చెరువు చేసి, వరసగా పంట చేతికొచ్చి, నాలుగు డబ్బులు చూసినవాడు. ఆ చెరువులు మా వైపు మనుషులకి ముందుగా గొంతు మార్చేవి. మా బాబాయికి గొంతుతోపాటు చొక్కా, చెప్పులు, నడక కూడా మారాయి. రొయ్యలు కొనే కంపెనీ వాళ్ళు ఇంటికొస్తారట, వాళ్ళు కూర్చునే హాల్లో అక్వేరియం లేకపోతే మర్యాద కాదట, అదీ ఈశాన్యం మూల పెడితే కలిసొస్తుందట. లోపల తల్లి తిండి మానేసి పడుకుని ఉంటే ఈయనకి ఈశాన్యం కావలసొచ్చింది. అద్దాల తొట్టి కొని, చుట్టూ ఎండుగడ్డి చుట్టి ట్రాక్టర్లో వేసుకొచ్చాడు. మామూలు రోజుల్లో అయితే అది వీధి గుమ్మం దాటేలోపే నాయనమ్మ దాని పని పట్టేది. గోదావరి ఒడ్డున పుట్టి, చేపని పులుసులో తప్ప ఇంకెక్కడా చూడవలసిన అవసరం లేదనుకునే మనిషి. చేపని కొని, మేపి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటామంటే ఆవిడకి ఎన్ని మాటలు పుట్టేవో. బాబాయి కూడా ఆ మాటల కోసమే కావచ్చు, తొట్టి మోస్తున్నవాళ్ళని మంచం పక్కన ఆపి, అమ్మా, చేపల్ని పెంచడానికి తొట్టి తెచ్చాను అన్నాడు. ఆవిడ గోడకేసి చూస్తూ ఉండిపోయింది. తిట్టలేదు. బాబాయి మొహం పాలిపోయింది. ఎంత డాబు మనిషైనా కొడుకే కదా, తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తొట్టికి బల్ల కావాలి. ఊళ్ళో వడ్రంగి పెళ్ళిళ్ళ మంచాలు చేస్తూ ఊపిరాడక ఉన్నాడు, ముహూర్తాలు అయ్యేదాకా రానన్నాడు. నేను చేస్తానన్నాను. చేతులు ముడుచుకుని ఆ ఇంట్లో కూర్చోలేక అన్నాను, అంతే. నాన్న నన్ను పైనుంచి కిందదాకా చూసి, కాలేజీలో ఆ సబ్జెక్టు కూడా చెప్పారా అన్నాడు. ఆ ఏడే ట్రాక్టరు కొని, ఎడ్లని అమ్మి, పాక విప్పేశారు. పాక గుంజలు పెరటి గోడకి చేరేసి ఉన్నాయి. నల్లమద్ది, ఎండకీ వానకీ తడిసి ఎండి రాయైపోయింది. రంపం మా తాత నాటిది. గీత గీసి కోస్తే గీత ఒక ఊరు పోయేది, కోత ఒక ఊరు పోయేది. మేకు కొడితే మేకు వంగేది గాని మద్ది కర్ర చలించేది కాదు. రంపం మంచిది కాదన్నాను, మేకులు నాసిరకం అన్నాను, ఎండ ఎక్కువగా ఉందన్నాను. ఆడలేక మద్దెల ఓడందని నా మొహాన అనేవాళ్ళు లేకపోయారు. అనవలసిన మనిషి గోడకేసి తిరిగి ఉంది. కోస్తున్నకొద్దీ ఆ పాత కర్రలోంచి దోమలకి వేసిన పొగ వాసన, పశువుల వాసన వచ్చేవి. చెక్క లోపల ఎన్నేళ్ళనుంచి దాగి ఉన్నాయో గాని, ఆ కాసేపు పాకలో ఎడ్లు ఉన్నట్టే అనిపించేది.

కాళ్ళకి బెజ్జాలు తొలిచి, అడ్డ కర్రల కొసలు సన్నంగా చెక్కి అందులో దూర్చాలని ఇంట్లో కుర్చీలు తిరగేసి చూసి తెలుసుకున్నాను. చూడ్డం వేరు, తొలవడం వేరు. బెజ్జాలు పెద్దవయ్యాయి, కొసలు చిన్నవయ్యాయి. సందుల్లో గుడ్డపేలికలు కుక్కి బంక పోశాను. బంక ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, పైనుంచి ముదురు రంగు వార్నిష్ దట్టంగా పూశాను. వార్నిష్ కనిపెట్టినవాడు నాలాంటి వడ్రంగే అయ్యుంటాడు. గుండెల ఎత్తున నిలబడ్డ ఆ బల్లని చూసి అమ్మ, బలంగా ఉందిరా అంది. బలం తప్ప చెప్పడానికి అందులో ఇంకేమీ లేదు.

హాల్లో ఈశాన్యం మూల దాన్ని నిలబెట్టి, పైన తొట్టి పెట్టి, బిందెలతో నీళ్ళు పోశాం. నీళ్ళు ఒక వైపు అంచుదాకా వచ్చి, రెండో వైపు బాగా కిందకి ఉండిపోయాయి. బల్ల వంకర అని బాబాయి తేల్చాడు. నాన్న కూడా తేల్చాడు. నేనూ నమ్మాను, నా చేతులు నాకు తెలుసు కదా. నీళ్ళు తోడేసి, బల్లని పెరట్లోకి మోసుకెళ్ళి, ఎత్తుగా ఉన్న వైపు కాళ్ళు కోశాను. తిరిగి తెచ్చేటప్పుడు చెరో పక్కా పట్టుకుని, గుమ్మంలో పట్టక ఇటు తిప్పి అటు తిప్పి లోపల పెట్టాం. ఏ వైపు కాళ్ళు ఏ వైపుకి వచ్చాయో ఎవరూ చూడలేదు. నీళ్ళు పోస్తే వంకర ఇంకా ఎక్కువైంది. మళ్ళీ తోడి, మళ్ళీ మోసి, రెండో వైపు కోశాను. ఈసారి కోత కాస్త ఎక్కువే పడింది. దాంతో మళ్ళీ మొదటి వైపు. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని బిందెలు అందిస్తూ, ఏవండీ, అసలు ఈ గచ్చు అని ఏదో చెప్పబోయింది. మగవాళ్ళ పనిలో నీకెందుకని నాన్న కసిరాడు. ఒక పట్టభద్రుడు, ఒక రైతు, ఒక రొయ్యల వ్యాపారి ఏకమై, నిక్షేపంలాంటి మద్ది బల్లని పొట్టిదాన్ని చేసే కార్యక్రమంలో పడ్డాం. ఎలాగైతేనేం నీళ్ళు సమంగా నిలిచాయి. అప్పటికి బల్ల మోకాళ్ళ ఎత్తుకి దిగింది. కంపెనీ వాళ్ళు చేపల్ని చూడాలంటే సాష్టాంగపడాలా అని బాబాయి విసుక్కుని, ఊళ్ళో వెల్డింగ్ షాపులో ఇనప స్టాండు చెయ్యమని చెప్పి వచ్చాడు. అది వచ్చేదాకా నీ శిల్పం ఎక్కడైనా పడేసుకో అన్నాడు.

కానీ చేపలు అప్పటికే వచ్చేశాయి. రాజమండ్రిలో కొని, పాలిథిన్ కవర్లో నీళ్ళతో సహా పాసింజరు రైల్లో ఎవరో తెచ్చి ఇచ్చారు. నాలుగు ఎర్రవి, ఒకటి నల్లది. కవర్లో ఎంతసేపని ఉంటాయి? హాల్లో కుర్చీలు సర్దుతున్నారు, అక్కడ పెట్టనివ్వరు. నీళ్ళలోకి గాలి కొట్టే చిన్న మోటారుకి కరెంటు ప్లగ్గు కావాలి. నడిమి గదిలో ప్లగ్గు ఉన్నది నాయనమ్మ ముఖం తిప్పుకున్న ఆ గోడకే. మంచాన్ని కాస్త ఇవతలికి లాగి, గోడకీ మంచానికీ మధ్య బల్ల దూర్చి, దాని మీద తొట్టి పెట్టాను. కోసి కోసి మంచం ఎత్తుకి తెచ్చాను కాబట్టి అక్కడ సరిపోయింది. నీళ్ళు పోసి చేపల్ని వదిలాను. నాయనమ్మ కళ్ళు మూసుకునే ఉంది. తీరా చూస్తే నీళ్ళు మళ్ళీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి, ఈసారి ఇంకో దిక్కుకి. ఏడుపొచ్చినంత పనైంది. తొట్టి సగం ఖాళీ చేసి, బల్ల ఒక కాలు ఎత్తి అక్కడికక్కడే కోసేద్దామని, సుద్దముక్కతో గీత గీసి, మంచం కాళ్ళ వైపు గొంతుక్కూర్చుని రంపం పెట్టబోయాను.

"ఇంకా కొయ్యి. చేపలు గచ్చు మీదే ఈదుతాయి."

మాట్లాడక మాట్లాడక గొంతు బొంగురుపోయింది గాని, అందులో ఉన్న వెటకారం మాత్రం ఎక్కడా అరగలేదు. నేను తల ఎత్తి చూశాను. ఆవిడ నా వంక చూడటం లేదు, తొట్టికేసి చూస్తోంది. నేను రంపం కింద పెట్టాను.

"గచ్చు వాలురా అది. కడిగిన నీళ్ళు తూములోకి పోవాలని మీ తాత కావాలని వాలు పెట్టించాడు, ఏ గదికి ఆ గదికి. పుట్టి ఇంతవాడివయ్యావు, ఒక్క శుక్రవారమైనా చీపురు పట్టుకున్న మొహమైతే కదా తెలియడానికి. పల్లం వైపు కాలి కింద పెంకుముక్క పెట్టు."

పెరట్లోకి వెళ్ళి పెంకుముక్క తెచ్చి పెట్టాను. నీళ్ళు మట్టంగా నిలిచాయి. ఆ గచ్చు మీద పాకి, నడిచి, భోంచేసి, పడుకుని పెద్దవాళ్ళమైన మగవాళ్ళం ముగ్గురికీ అది వాలుగా ఉందని తెలియదు. వారం వారం దాని మీద నీళ్ళు కుమ్మరించి మూలకి తోసే ఆడవాళ్ళకి అది చెప్పవలసిన విషయమే కాదు. అమ్మ చెప్పబోయి తిట్టు తిన్న మాట అదే. ఆ ఇంటికి యజమానులం అనుకునేవాళ్ళం మేం ముగ్గురం. తలుచుకుంటే ఇప్పటికీ మా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నాయనమ్మ ఆ నల్ల చేపని చాలాసేపు చూసింది. అది అద్దం దగ్గరికొచ్చి ఆవిడ మొహం ఎదురుగా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. అచ్చం మీ బాబాయే అంది. ఇవి కూరకి పనికొస్తాయా అని అడిగింది. రావన్నాను. కూరకి పనికిరానివాటికి నాకు సమానంగా మంచం వేశావా అంది. ఆవిడ అడుగుతుంటే నేను వెంటవెంటనే జవాబులు చెబుతున్నాను. మాట ఆగిపోతే మళ్ళీ గోడ అయిపోతుందని భయం.

"వాటికేమన్నా పెట్టారా, మాడ్చేస్తున్నారా?"

ఇందాకే గింజలు వేశానని చెప్పాను.

"వాటికి పెట్టి నన్ను మాడుస్తున్నారన్నమాట."

ఇనప స్టాండు కొన్నాళ్ళకి వచ్చింది. తొట్టిని హాల్లోకి తీసుకెళ్తానని బాబాయి గదిలోకి వస్తే, ముట్టుకుంటే చెయ్యి విరుగుతుంది అని పడుకున్న చోటినుంచే చెప్పింది. ఆ స్టాండు మీద తర్వాత మా అమ్మ నీళ్ళ బిందెలు పెట్టుకుంది. కంపెనీ వాళ్ళు చేపల్ని చూడాలంటే నడిమి గదిలోకి రావలసి వచ్చేది. వచ్చినవాళ్ళు ఒకటి రెండు మాటలు పడకుండా వెళ్ళలేదు. మీరు కొనే రొయ్యల కంటే ఇవే నయం, నోరు మూసుకుని ఉంటాయి అని వాళ్ళ మేనేజరు మొహం మీదే అంది. చేపలు చచ్చేవి, కొత్తవి వచ్చేవి, వచ్చిన ప్రతిదానికీ మా చుట్టాల్లో ఒకరి పోలిక దొరికేది. ఎముక ఎలా అతుక్కుందో గాని అతుక్కుంది. కర్ర పట్టుకుని వసారా దాకా వచ్చి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుని, పాలు చూసి మొహం చిట్లించింది. చాలా ఏళ్ళు బతికింది. నా బల్ల గురించి మంచి మాట ఒక్కటీ అనలేదు. ఎవరైనా అడిగితే, మా మనవడు చేశాడు, చూస్తే తెలియడం లేదా అనేది.

ఇప్పటి ఇళ్ళలో గచ్చు కడగరు. మెరిసే టైల్సు వేసి, కర్రకి గుడ్డ తగిలించి తుడుస్తారు. వాలు లేదు, తూము లేదు, ఇల్లు కడిగిన శుక్రవారపు తడి వాసన ఎలా ఉంటుందో మా మేనల్లుడి పిల్లలకి తెలియదు. అంతకంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. నేను పత్రికలకి ఏవో నాలుగు ముక్కలు రాస్తుంటాను, ఏం రాసినా బాగుందంటున్నారు, చదివినవాళ్ళూ, చదవనివాళ్ళూ. చదవనివాళ్ళు కాస్త ఎక్కువగా అంటున్నారు. ఒకదాంట్లో తప్పు పట్టాలంటే ముందు దానికేసి చూడాలి, కాసేపు ఆగి చూడాలి. అంత ఓపిక ఎవరికుంది? మెచ్చుకుంటే పని తేలిగ్గా అయిపోతుంది, వెంటనే ఫోను చూసుకోవచ్చు. మా నాయనమ్మ ఎవరినీ తేలిగ్గా వదిలిపెట్టలేదు. మేమంటే ఆవిడకి ప్రేమ ఉందా అని ఎవరైనా అడిగితే నేను తెల్లబోతాను. అంతగా కనిపెట్టి చూసే మనిషికి ప్రేమ లేకుండా ఎలా ఉంటుంది?

తొట్టి పెట్టిన ఆ మధ్యాహ్నం నేను వంటింట్లోకి పరిగెత్తి, నాయనమ్మ తిండి అడుగుతోందని చెబితే అమ్మ నమ్మలేదు. పొయ్యి దగ్గర కూర్చున్నదల్లా లేచి నా మొహంలోకి చూసింది. జావ కాదు, అన్నం అన్నాను. మెత్తగా పిసికి, పప్పుచారు పోసి, కొంగుతో చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి గిన్నె పట్టుకెళ్ళింది. నేను గుమ్మం ఇవతలే ఆగిపోయాను, లోపలికి వెళ్తే ఏమవుతుందోనని. నాన్నకీ ఎలా తెలిసిందో, వీధి అరుగు మీదనుంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. లోపల చెంచా చప్పుడు, మధ్యమధ్య నాయనమ్మ గొంతు, అమ్మ ఊ కొట్టడం వినిపిస్తున్నాయి. ఎంతసేపటికో అమ్మ బయటికి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. పెళ్ళయిన నాటినుంచి ఆ అత్తగారి చేత మాటలు పడి, పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునే మనిషి, ఆ పూట మాత్రం తుడుచుకోలేదు.

"చారులో ఉప్పు లేదన్నారండీ. పాతికేళ్ళయినా నాకు ఉప్పు వెయ్యడం చేతకాలేదన్నారు" అని చెప్పి, ఖాళీ గిన్నె నాన్నకి చూపించింది.

నాన్న ఆ గిన్నెలోకి చూసి, భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.